ఉమ కోసిన పులి

ఉమ కత్తెర పెట్టి పులి తలను సరిగ్గా నడిమికి కోసేసింది.

నిజం పులైతే ఇంత ఏడిపించి ఉండదు. ఇది యువరాజు బావ ఢిల్లీ నుంచి తెచ్చిన బొచ్చు దుప్పటి మీది పులి. పలాస జీడిపప్పు లారీ తోలే ఈ డ్రైవరు గారు, కిందటి ట్రిప్పు అయ్యాక ఉమ వాళ్ల అరుగు మీద కూచుని, "సలికి సచ్చిపోనాను, ఒంటి మీద కోటైనా లేదు" అని గంటసేపు కథ చెప్పారు. అదే డ్రైవరు గారు మొన్న సోంపేటలో బస్సు దిగి వచ్చి, ఉమ చేతిలో ఈ మూట పెట్టి, "ఇదుంచు. లోడింగయినాక వత్తాను" అని తలొంచుకుని పారిపోయారు.

చలన్నాడు, గుడ్డ తెచ్చాడు. ఉమ దగ్గర కుట్టు మిషనుంది. ఇంక అర్థం కానిదేముంది?

అసలు సంగతి వేరే ఉంది. ఆదివారం ఇచ్ఛాపురం నుంచి ఉమను చూడ్డానికి పెళ్లివారొస్తున్నారు. ఉమ ఇంట్లో మాట తల్లి జోగమ్మదే. యువరాజు సొంత అన్న కొడుకైనా సరే, "రోడ్డు మీద బతికేవోడికి పిల్లనిత్తానేటి?" అని ఆవిడ ఎప్పుడో తేల్చేసింది. హైవే మీద ఎదురొచ్చిన ప్రతి లారీనీ నోరారా తిట్టే బావకు, ఈ అత్త ముందు మాత్రం మాట పెగలదు. కోటు తొడిగితే ఆ పిరికి గుండెకు కాస్త ధైర్యమైనా వస్తుందేమోనని ఉమ ఆశ.

రవికలు కుట్టే చేతికి ఆ బొచ్చు లొంగితేనా! రెండు పొరలు పెడితే మిషను పాదం కింద దూరవు. దూరితే సూది విరుగుతుంది. బొచ్చు ఇల్లంతా ఎగిరింది. జోగమ్మ పులుసులోంచి ఓ పోగు పైకి లాగి, "ఇదేటే, సేపకి ఎంటికలు మొలిసినాయి?" అంది. పైగా ఆ బొచ్చుకో వాలు ఉంది. కిందికి నిమిరితే పిల్లి, పైకి నిమిరితే ముళ్లపంది. కోటు ఎడమ చేతి ముక్కను తలకిందులుగా కోసిందని ఉమకు కుట్టాక గాని తెలియలేదు. విప్పింది, బావను తిట్టింది, మళ్లీ కుట్టింది.

శనివారం బావ వచ్చాడు. ఉమ గర్వంగా కోటు చేతికిచ్చింది.

"ఇదేటి?"

"సలికోటు."

"మరి నా దుప్పటేది?"

"అదే ఇది. నీ పులిని గుర్తుపట్టలేదేటి?"

బావ మొహం మాడిపోయింది. "ఓలమ్మా, కోసీసినావా! అది మీయమ్మకి తెచ్చినానే!"

"మాయమ్మకా?"

"అత్తకి మోకాళ్ల నొప్పులు గదా. దుప్పటి సేతిలో పెట్టి ఆ మాట అడిగేద్దామనుకున్నాను. ఉన్న ధైర్నమంతా అదే. ముక్కలు సేసీసినావు!"

"మూట నా సేతిలో పడీసి పరిగెత్తితే నాకు కలొచ్చిందేటి? నోరు లారీలో మర్సిపోనావా?"

"ఏటర్రా ఆ గోల?" జోగమ్మ గుమ్మంలోకొచ్చింది. ఆవిడ కోటును చూసి, మేనల్లుణ్ని చూసి, "తొడుగు" అంది.

తొడిగాడు. భుజాలు అతికినట్టు కూచున్నాయి. చేతులు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి. జిప్పు పైకి లాగితే పులి మూతి రెండు ముక్కలూ కలిశాయి. జోగమ్మ సంతలో దూడను చూసినట్టు చుట్టూ తిరిగింది.

"టేపు పెట్టి కొలిసినావేటే?"

"లేదమ్మా. ఎదిగినోడికి టేపు సుడితే ఊరూరుకుంటాదేటి?"

"నా రవికకి మూడుమాట్లు టేపు పెట్టి కొలిసి, సంక బిగుతుగా కుట్టినావు. ఈడికి కంటితో కొలిసి ఇంత సక్కగా కుట్టినావంటే, ఎన్నాళ్ల బట్టి సూత్తన్నావే ఈణ్ని?"

ఎంత మాటకైనా ఎదురు మాట అనే ఉమకు సిగ్గూ భయమూ ఒక్కసారే ముంచుకొచ్చి, కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి బావకు ఎక్కడిదో తెగింపొచ్చింది.

"అత్తా, ఉమని నాకియ్యి. దానికెంత పిచ్చో నాకూ అంతే."

మధ్యాహ్నపు ఎండ. ఆ బొచ్చులో చెమట ధారలు కడుతోంది.

"ఈ ఒక్క మాటకి పులితోలు కప్పుకోవాల్సొచ్చిందేట్రా?" అంది జోగమ్మ. కూతురి కళ్లను మరోసారి చూసి నిట్టూర్చింది. "ఎల్లు, ఎస్టీడీ బూతుకెల్లి ఇచ్ఛాపురమోళ్లని రావొద్దని సెప్పు. వచ్చే ట్రిప్పులో నా దుప్పటి నాకు తేవాల. ఈ కత్తెర గుంట సేతికి మాత్రం ఇవ్వకు."

దుప్పట్లో మిగిలిన పులి తోక ముక్కను మోకాలికి చుట్టుకుని ఆవిడ లోపలికెళ్లిపోయింది.

"ఇంక విప్పు బావా, ఎండకి సచ్చిపోతావు," అంది ఉమ కళ్లు తుడుచుకుంటూ.

"పోతే పోనీ. ఢిల్లీ దాకా విప్పను."