గేట్ల గదిలో కదలని బాణం

"మౌస్ రిపేరుకా? నన్నా?"

కందిరీగ కుర్చీని వెనక్కి తన్ని లేచాడు. గూఢచారి శాఖలో అతనికి ఆ పేరు ఎందుకు పెట్టారో ఒక్కసారి మాట్లాడితే చాలు, ఎవరికైనా తెలిసిపోతుంది. శత్రువుల కోటలోకి వంటవాడి వేషంలో దూరి, మిసైల్ ప్లాన్లు గరిటెలో దాచి తెచ్చిన మనిషి!

చీఫ్ కళ్లజోడు తుడుచుకుంటూ అన్నాడు. "ఆనకట్ట గేట్లు నడిపే కంప్యూటర్. నాకంటే ముసలిది. ఉన్నట్టుండి దానికి మౌస్ కనబడటం మానేసింది. అదే వారం విదేశీ ముఠా రేడియోలో ఆ ఆనకట్ట మాట వినబడింది. రెండూ ఊరికే కలవవు."

"టెక్నికల్ సెక్షన్ ఏం చేస్తోంది? గాడిదలు కాస్తోందా?"

"ఆ సెక్షన్ నుంచి నెమలి ఇప్పటికే అక్కడుంది. నువ్వెందుకంటే, ఆపరేటరు మీ బావ. నువ్వు కంప్యూటర్లు బాగుచేసుకుని బతుకుతున్నావని మీవాళ్ల నమ్మకం. వేషం ఖర్చు కూడా మిగులుతుంది."

కందిరీగ పళ్లు నూరుకుంటూనే సంచి భుజాన వేసుకున్నాడు. ఆనకట్టకు సరిగ్గా దిగువన, సిబ్బంది క్వార్టర్లలో, అక్కా ఆమె ఇద్దరు పిల్లలూ ఉంటారు.

గేట్ల గదిలో బావ ఎదురొచ్చాడు. టేబుల్ మీద తోకలు పెనవేసుకున్న మౌసుల కుప్ప.

"గృహప్రవేశానికి పిలిస్తే రాలేదు. మౌస్ పోతే ఊడిపడ్డావేం బావమరిదీ?"

"ఏం చేశావు దీన్ని?"

"అదిగో, నువ్వూ నన్నే అను! ఆఫీసరూ నన్నే అంటాడు, మీ అక్కా నన్నే అంటుంది. మౌసులన్నీ మార్చాను. టేబుల్ మార్చాను. చివరికి గోడకున్న ప్లగ్గు కూడా మార్చాను."

"ఒకసారి ఆర్పి వెలిగించావా?"

"ఆర్పితే గేట్లు లేస్తాయి! వరదలో కరెంటు పోతే కట్ట తెగకూడదని అలా కట్టి చచ్చారు. లేచిన గేటు ఆపాలంటే తెర మీద ఈ ఎర్ర బటన్ నొక్కాలి. మౌస్‌తోనే. కీబోర్డుకు దారే పెట్టలేదు మహానుభావులు."

వెనక అత్తరు వాసన. పట్టు స్కార్ఫు, ఎర్ర గోళ్లు, ఎవరినైనా తల తిప్పించే నడక. నెమలి.

"బయట వాన ఎటు కొడుతోంది?" అన్నాడు కందిరీగ.

"కిటికీలు లేని వైపు." కోడ్ సరిపోయింది. ఆమె నవ్వింది. "పోర్టు కాలిపోయింది. కొత్త మిషన్‌కు రాశాను. వచ్చేదాకా దీన్ని ఎవరూ ముట్టుకోకండి."

కందిరీగ జేబులోంచి సిగరెట్ లైటర్ తీశాడు. అంటిస్తే మంట వస్తుంది, అడుగుభాగం పోర్టుకు ఆనిస్తే సిగ్నల్ చెబుతుంది. మౌస్ కదిపాడు. పచ్చదీపం మిణుకుమంది. పోర్టు కాలలేదు. మౌస్ అరుస్తూనే ఉంది, కంప్యూటరే వినడం లేదు.

అతని చెవులు వేడెక్కాయి. ఈ పాతకాలం పెట్టెలు అతనికి తెలుసు. రెండు వాటాల ఇంటికి ఒకటే కాలింగ్ బెల్ ఉన్నట్టు, కంప్యూటరును పిలిచే ఒక్కో ఇంటరప్ట్ లైనుకు రెండేసి పోర్టులు. ఒక వాటావాడు బెల్లు పట్టుకు కూర్చుంటే రెండోవాడు ఎంత నొక్కినా లోపలికి వినబడదు. అయితే రెండో వాటాలో ఎవరున్నారు?

"పెట్టె విప్పుతున్నా."

"సీలుందిరా!" బావ అడ్డం పడ్డాడు. "డివిజన్ ఆఫీసు సీలు! తెంచితే నాకు మెమో ఇస్తారు!"

ఇన్నాళ్లూ అన్నీ మార్చి పెట్టె మాత్రం ఎందుకు విప్పలేదో కందిరీగకు అప్పుడు అర్థమైంది. ఆ విషయం ముఠాకు ముందే అర్థమైంది. "మెమోకి భయపడి ఊరంతా మునగాలా? తప్పుకో!" సీలు పుటుక్కుమంది.

లోపల బొంతంత దుమ్ము. మధ్యలో ఒకే ఒక కార్డు తళతళలాడుతోంది. కొత్త మోడెమ్, ఫోను మీదుగా ఎక్కడినుంచైనా ఈ పెట్టెను నడిపించేది. దాని వెనక నుంచి ఫోను తీగ గోడలోకి పోయింది.

సైరన్ మోగింది. తెర మీద గేట్ల అంకెలు పెరగసాగాయి. కింద ఎక్కడో ఇనుము మూలిగింది.

"చేతులు పైకి," అంది నెమలి. చిన్న పిస్తోలు, సైలెన్సర్‌తో సహా. "ఎవరు చెప్పినా సీలు తెంచరన్నారు. నువ్వు తెంచావు."

"నువ్వే పెట్టావా?" కందిరీగ ఆమె మీదికి అడుగేశాడు. "ఒకే కంచంలో తిన్నాం కదే! కింద మా అక్క ఉంది, పిల్లలున్నారు!"

"మొన్నటి తనిఖీలో పెట్టాను, సీలు మళ్లీ వేశాను. నాకు అక్కలు లేరు."

"తెలివి కూడా లేదు. కొత్త మిషన్లు వాటంతట అవే సర్దుకుంటాయి. ఈ ముసలిది సర్దుకోదు. మోడెమ్‌కు వేరే ఇంటరప్ట్ లైను ఇచ్చుంటే మౌస్ పనిచేసేది, మేమెవరమూ ఇటు చూసేవాళ్లం కాదు. నీ పనికి నువ్వే టముకు వేయించుకున్నావు!"

ఆమె ముఖం కందింది. తూటా వదిలేదే. ఇంతలో బావ, "వాళ్లు నా పిల్లలే!" అని గావుకేక పెట్టి, కుప్పలోంచి ఒక మౌసును తోక పట్టి గిరగిరా తిప్పి ఆమె మణికట్టు మీద కొట్టాడు. పిస్తోలు మూలకు దొర్లింది. ఆమె మీద బీరువా పడ్డట్టు పడ్డాడు బావ.

కందిరీగ ఫోను తీగ పెరికాడు. బెల్లు వదిలింది. తెర మీద బాణం కదిలింది.

పైకీ కిందికీ మాత్రమే. పక్కకు రాదు!

మౌస్ తిరగేసి అడుగున దొర్లే గుండు ఊడదీశాడు. లోపలి రోలరుకు జిడ్డు ఉండకట్టి ఉంది. "ఎన్నాళ్లయింది దీన్ని తుడిచి?"

"అది కూడా నా పనేనా!" కిందనుంచి బావ రంకె వేశాడు.

గోటితో గీకి, గుండు వేసి, బాణాన్ని ఎర్ర బటన్ మీదికి ఈడ్చి నొక్కాడు. అంకెలు ఆగాయి. గేటు ఒక్కసారి దడదడలాడి దిగసాగింది.

శాఖవాళ్లు వచ్చి నెమలిని తీసుకుపోయాక ఫోను మోగింది. అక్క.

"పిల్లల్ని మేడెక్కించేసరికి నా పానం పోయింది! నీళ్లు గుమ్మం దాకా వచ్చిపోయాయి. దండెం మీది బట్టలన్నీ బురద! ఏం వెలగబెట్టార్రా అక్కడ?"

కందిరీగ గొంతు సవరించుకున్నాడు. "మౌస్ పనిచేయట్లేదక్కా. బాగుచేశాను."

"ఒక్క మౌస్ బాగుచేయడానికి సైరన్లా? నీకు చేతకాకపోతే ఎవరైనా తెలిసినవాణ్ని పిలవకూడదూ?"

అతన్ని ప్రాణాలతో పట్టిచ్చినవాడికి మూడు దేశాలు బహుమతి ప్రకటించాయి. ఆ మనిషి ఫోను రెండు చేతులతో పట్టుకుని, "ఈసారి పిలుస్తానక్కా," అన్నాడు.