పౌడరు మీది చెయ్యి

నారాయణఖేడ్ డిపో దాటి బోరంచ రోడ్డు పట్టుకుంటే, ఎడమ పక్క ఒక రేకుల షెడ్డు వస్తుంది. చీకటి పడ్డాక దాని ముందర బండి ఆపేటోళ్లు లేరు. పంచరైనా సరే, గాలి లేని టైరుతోనే ఇంకో ఫర్లాంగు ఈడ్చుకుపోతారు.

ఎప్పుడో ఆ జాగాలోనే జాకీ జారి, దేవప్ప అనే డ్రైవరు తన లారీ కిందే నలిగి చచ్చిపోయాడట. చచ్చినా బయటికి రావాలని పాకుతూనే ఉంటాడట. ఈ రెండేళ్లలో విన్నవాళ్లంతా ఒకటే మాట చెప్పారు. ముందు నేల మీద ఏదో ఈడ్చిన చప్పుడు — బర్... బర్... తర్వాత, ఎవరో దీపం ఆర్పినట్టు — ఫూ...

ఈ మాట క్రిస్టీనా చెవిన పడనిది కాదు. పడినా ఆ షెడ్డులోనే పండుకుంటుంది. పండుకోక ఎక్కడికి పోతుంది?

షెడ్డులో మెకానిక్ పని ఆమె నాయిన మత్తయిది, జాగా నాగల్‌గిద్ద శంకరప్పది. రెండేళ్ల కింద మత్తయికి పక్షవాతం వచ్చి కుడి పక్క మొత్తం పడిపోయింది. మాట కూడా పోయింది. ఎప్పుడో ఫ్యాన్ బెల్టు సగం కొరికేసిన చూపుడు వేలుతో సహా, ఆ కుడి చెయ్యి పిడికిలి బిగుసుకుపోయి ఛాతీ మీద పడి ఉంటుంది. చూసి చూసి నేర్చుకున్న పనితో క్రిస్టీనా ఆటోలు, బోరు మోటార్లు బాగుచేస్తూ ఇల్లు ఈడుస్తోంది.

అది 2010 ఎండాకాలం. షెడ్డు నడుమ శంకరప్ప కారు నిలబడి ఉంది. వాళ్ల నాయిన బీదర్‌లో ఒక మిలటరీ ఆఫీసరు దగ్గర కొన్న ఇంగ్లీషు బండి — ఆకుపచ్చ రంగు, రెండే సీట్లు, నేలను రాసుకునేంత కిందికి పొట్ట, పైన గుడ్డ కప్పు. ఒకప్పుడు పందేలలో ఉరికిన బండి అంటారు. కప్పు తీస్తే పెండ్లి బరాత్‌కు అంత అందమైన కారు ఈ చుట్టుపక్కల లేదు. దాని రోగం ఒక్కటే. నిలబెట్టిన చోటల్లా ఇంజన్ ఆయిలు కారుస్తుంది.

మూడేళ్ల కింద శంకరప్ప కొడుకు వేణు పెండ్లికి దాన్ని సరిచేసి పంపింది మత్తయే. కొత్త కోడలు దిగేలోపల, వాకిట్లో ముగ్గు మీద చాటంత నల్లటి మడుగు. ఆ పిల్ల దాన్ని దాటుకునే గడప తొక్కింది. ఏడాది తిరక్కుండా పుట్టింటికి పోయి కూచుంది. తప్పు నల్ల మడుగుదన్నారు, మడుగు మత్తయిదన్నారు. శంకరప్ప నలుగురిలో నానా మాటలూ అన్నాడు. ఆ వారమే మత్తయి ఈ నేల మీద కూలిపోయాడు.

ఇప్పుడు శంకరప్ప బిడ్డ సౌందర్య పెండ్లి, ఆదివారం.

“సౌందర్య గీ కార్లనే పోతనని మొండికేసింది,” అన్నాడు శంకరప్ప, కారు దింపిన రోజు. “ఒక్క సుక్క పడ్డదా... కారు తుక్కుకు పోతది. మీరు షెడ్డు ఖాళీ జెయ్యాలె.”

“పడది, పటేలా.”

“మీ నాయిన గూడ గట్లనే అన్నడు.”

తొమ్మిది రోజులైంది. పైకవరు ప్యాకింగ్ మార్చింది. కింద ఆయిల్ చాంబరు ప్యాకింగ్ మార్చింది. ముందర సీలు మార్చింది. ఒక సందు మూస్తే ఇంకో సందులోంచి కారుతోంది. వీపు కింద గోనెసంచి, కంట్లో ఆయిలు, అన్నం ఏ పూట తిన్నదో యాది లేదు.

నాయిన గది షెడ్డుకు ఆనుకునే ఉంటుంది. తలుపు తీస్తే మంచంలోంచి కారు కనబడుతుంది. ఆమె కారు కింద దూరినప్పుడల్లా అతను ఊఁ ఊఁ అని మూలిగి, వంకరపోయిన పెదాలు చుట్టి గాలి ఊదేవాడు — ఫూ... ఫూ... ఉడకపోస్తోందేమోనని ఆమె లేచి వచ్చి అట్టముక్కతో విసిరేది. అతను తల అడ్డంగా ఊపేవాడు. ఇగ కళ్లు మూసుకునేవాడు.

శుక్రవారం పొద్దుగూకాక ఎదురుగా చాయ్ అమ్మే భీమమ్మ రెండు జొన్నరొట్టెలు తెచ్చిచ్చింది. షెడ్డు లోపలికి మాత్రం అడుగుపెట్టలేదు.

“పిల్లా, ఈ రాత్రికన్న మా ఇంట్ల పండు. మీ నాయినను మంచంతోని లేపుకపోదం. నిన్న నేను విన్న... వాడు ఈడ్సుకుంట వస్తుండు.”

“రానీ అక్కా. స్పానర్లు అందియ్యనీకి మనిషి లేక సస్తున్న.”

భీమమ్మ చెంపలు వేసుకుని పోయింది. క్రిస్టీనాకు నవ్వే ఓపిక కూడా లేదు.

ఇగ మిగిలింది నాయిన పాత ఉపాయం. ఇంజన్‌ను కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, అంతటా మొహానికి పూసుకునే పౌడరు చల్లాలి. ఆయిలు ఎక్కడ పుడుతుందో అక్కడ పౌడరు తడుస్తుంది. చల్లింది. స్టార్ట్ చేసి పది నిమిషాలు చూసింది. ఒక చోట కాదు... ఇంజన్ నాలుగు దిక్కులా చెమట పట్టినట్టు తడిసింది.

మళ్లీ కడిగింది. మళ్లీ చల్లింది. డబ్బా చేతిలోంచి జారింది. మిగిలిన పౌడరంతా నేల మీద, గది గడప దాకా తెల్లగా పరుచుకుంది. ఊడ్చే సత్తువ లేదు. నాయిన మంచం పక్కన చాప మీద వాలిపోయింది. అప్పుడే కరెంటు పోయింది.

ఎప్పుడు మెలకువ వచ్చిందో తెలియదు.

బర్...

ఊపిరి బిగబట్టింది.

బర్... బర్...

చప్పుడు షెడ్డులోంచి వస్తోంది. నెమ్మదిగా, ఆగి ఆగి... నడుము లేని మనిషి మోచేతుల మీద పాకినట్టు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి.

“నాయినా...”

“ఊఁ.”

బదులు వచ్చింది. మంచం మీంచా... కారు దిక్కు నుంచా?

లేవాలనుకుంది. భయం ఉంది, కానీ భయపడాలన్నా మెలకువ ఉండాలి కదా — తొమ్మిది రోజుల అలసట ఆమెను కిందికి గుంజుతోంది. ఫూ... అన్న చప్పుడు వింటూనే మళ్లీ నిద్రలో మునిగిపోయింది.

తెల్లారింది.

గడప నుంచి కారు దాకా పౌడరులో మనిషి వెడల్పు చార. కారు దగ్గరి నుంచి గడప దాకా ఇంకో చార. చార పొడుగునా ఎడమ అరచేతి గుర్తులు. వెనక్కి తిరిగి చూసింది. మంచం మీద నాయిన నిద్రపోతున్నాడు, అంగీ ముందంతా తెల్లగా.

రెండేళ్లుగా ఊరు ఊరంతా భయపడింది ఈ మనిషికా? పని యాది వచ్చి రాత్రిళ్లు పాకిన నాయినకా? ఆమెది మొద్దునిద్ర... తెలియనే లేదు. నవ్వు వచ్చింది. నవ్వు నడుమ ఏడుపు వచ్చింది.

అప్పుడు ఇంజన్ చూసింది. పక్కన బొటనవేలంత లావు పైపు ఒకటి. పైపు చుట్టూ పౌడరు మీద వేళ్ల గుర్తులు, గట్టిగా పట్టుకున్నట్టు — మూడు నిండుగా, ఒకటి సగం. ఆ చెయ్యి చిన్నప్పటి నుంచి తెలిసిందే. రెండో ఆలోచన లేకుండా ఆ పైపులో తీగ దూర్చింది.

ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే పైపు అది. అందులోంచి ఆయిలు కారదు, కాబట్టి దాన్నెవరూ చూడరు. తీగ జానెడు పోయి ఆగింది. పొడిచింది. ఎర్రమట్టి రాలింది... కుమ్మరి పురుగు గూడు. ఎన్నేండ్ల కింద కట్టిందో, ఎండి రాయైంది. ఊపిరి వదిలే దారి లేక ఇంజన్ దొరికిన సందులోంచల్లా ఆయిలు కక్కుతోంది.

గూడంతా తోడేసి స్టార్ట్ చేసింది. పైపు చివర వేడి గాలి కొట్టింది.

ఫూ... ఫూ... ఫూ...

తొమ్మిది రోజులుగా నాయిన చెబుతున్నది ఇదే. తను అట్టముక్కతో విసిరింది.

శనివారం రాత్రి కారు కింద తెల్ల దుప్పటి పరిచింది. ఆదివారం పొద్దున్నే శంకరప్ప వచ్చి, ధోవతి ఎగ్గట్టి, మోకాళ్ల మీద వంగి చూశాడు. దుప్పటి మీద మరక లేదు. లేచి చేతులు దులుపుకున్నాడు, దుమ్మేమీ అంటకపోయినా.

“గా రోజు నేను జర ఎక్కువ మాట్లాడిన... అని మీ నాయినకు చెప్పు.”

కారు పోయాక ఆమె రోడ్డు మీదికి వచ్చి మలుపు దాకా చూసింది. ఒక్క చుక్క లేదు.

రెండు రోజులుగా నాయినకు ఒళ్లు తుడవనే లేదు. వేడినీళ్లు తెచ్చి మంచం పక్కన కూచుంది. శంకరప్ప మాట చెప్పింది. మత్తయి పెదవి ఒక పక్క కదిలింది. ఎడమ చెయ్యి కడిగింది — గీతల్లో పౌడరు, మన్ను. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు... అన్నీ నిండుగా ఉన్నాయి.

చెంబు చేతిలోనే ఆగిపోయింది.

పైపు మీద ఒక వేలు సగమే ఉంది.

కుడి చెయ్యి ఛాతీ మీద ఎప్పటిలాగే పడి ఉంది. దవాఖానలో సూది గుచ్చినా ఉలకని చెయ్యి. పిడికిలి పట్టి, వారం వారం విప్పినట్టే ఒక్కో వేలూ బలవంతంగా విప్పింది.

అరచేతి నిండా పౌడరు కలిసిన నల్లటి ఆయిలు. మధ్యలో చిటికెడు ఎర్రమట్టి. వేలితో ముట్టుకుంది... ఇంకా వెచ్చగా ఉంది.

“నాయినా...” అంది. “నువ్వేనా?”

మత్తయి కూడా ఆ చేతినే చూస్తున్నాడు — ఆమెకంటే ఎక్కువ భయంతో.