పదేళ్ళ ప్రశ్న

సర్కారు ఇచ్చిన ఎత్తుచేతుల యంత్రం తన్వికమ్మను మంచం మీంచి లేపి కిటికీ పక్క కుర్చీలోకి దింపుతుండగా గంట మోగింది. గుమ్మంలో వార్డు ఇచ్ఛాధికారి భ్రమరాంబ, చేతిలో మిఠాయి పొట్లం. ప్రభుత్వ మనిషి మిఠాయి తేవడమేమిటని కోడలు శ్రీనికకు అక్కడే అనుమానం వచ్చింది.

"ఎవరే?" అత్తగారు గాలిలోంచే కేకేసింది. "కాళ్ళు తుడుచుకుని రమ్మను!"

భ్రమరాంబ కూర్చుంది. కాఫీ తాగింది. కాకినాడ ఎండల్ని తిట్టింది. ఆనక నెమ్మదిగా అంది: "ఎత్తుచేతులు వెనక్కి తీసుకుంటున్నామండి. వార్డు ఇష్టం అలా వచ్చింది."

వార్డు ఇష్టమంటే పదేళ్ళ ప్రశ్నకు వచ్చిన జవాబుల సగటు. ఏటా ఆరోగ్యవంతుల మణికట్టుకు ఇచ్ఛామాపకం కట్టి అడుగుతారు: జబ్బుతో మంచంలో పదేళ్ళు బతకాల్సి వస్తే, ఆ జబ్బు లేకుండా ఉండటానికి అందులో ఎన్నేళ్ళు వదులుకుంటారు? ఎంత ఎక్కువ వదులుకుంటే మంచంలో బతుక్కి అంత తక్కువ విలువ. ఆ విలువను బట్టే సదుపాయాలు. నాడి ఎగిరితే అబద్ధమని ఎర్రదీపం వెలుగుతుంది.

"మన వార్డులో దాదాపు అందరూ పదికి పదీ వదిలేస్తామన్నారండి. అంటే ఆ బతుకు చావుకన్నా మెరుగేం కాదని."

నిరుడు చారుకి పోపు పెడుతూ శ్రీనికా అదే చెప్పింది. ఎవరిచేతా చేయించుకోకుండా పోవాలని అందరూ అనేదే కదా! ఆలోచించి అన్న మాట కాదు గనక నాడి కదల్లేదు. పచ్చదీపం వెలిగింది.

"నన్నడుగు," అంది తన్వికమ్మ. "పొద్దున్నే కాఫీ, కిటికీలోంచి కింద వాళ్ళ తగువులు. ఒక్కరోజు కూడా వదులుకోను. రాసుకో."

"మంచంలో ఉన్నవాళ్ళను అడగకూడదండి. పక్షపాతం ఉంటుందని."

"నా బతుకు మీద నాకు కాక ఎదురింటాయనకి ఉంటుందేంటమ్మాయ్ పక్షపాతం?" అని, కోడలి వైపు తిరిగింది. "అవునే, నువ్వేం చెప్పావు?"

శ్రీనిక ఆ మాట విననట్టే భ్రమరాంబను అడిగింది. "ఆపడానికి దారే లేదా?"

"ఇంట్లోవాళ్ళు కొత్తగా జవాబు చెప్పొచ్చండి. పచ్చదీపం వస్తే ఇంకో ఏడాది ఉంచుతాం."

శ్రీనిక మణికట్టు చాచింది. అత్తగారు కళ్ళార్పకుండా చూస్తోంది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది.

"ఎన్నేళ్ళు వదులుకుంటారు?"

"ఒక్కరోజు కూడా."

ఎర్రదీపం.

"అబద్ధం కాదండీ! భయమేసి..."

"నాడి ఎందుకు ఎగిరిందో ఇది చెప్పదండి. ఎగిరిందని మాత్రమే చెబుతుంది."

ఎత్తుచేతులు మడత పెట్టించుకుని భ్రమరాంబ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి ఎండ సరిగ్గా కుర్చీ మీదికి వచ్చింది. అత్తగారి మొహం నిండా చెమట. శ్రీనిక కొంగు నడుముకి దోపుకుని దగ్గరికి వెళ్ళింది.

"నా మెడ పట్టుకోండత్తయ్యా, మంచం మీదికి చేరుస్తాను."

"పర్లేదమ్మా," అంది తన్వికమ్మ, ఎండలోకే చూస్తూ. "నాకిక్కడ హాయిగా ఉంది. నువ్వెళ్ళి కాసేపు నడుం వాల్చు."

ముప్ఫై ఏళ్ళలో అత్తగారు తనతో అంత మర్యాదగా మాట్లాడటం అదే మొదటిసారి. శ్రీనిక చాచిన చేతులు వెనక్కి తీసుకోలేక అలాగే నిలబడిపోయింది.