యులాలీ అడిగిన దీవెన

ఫ్రాన్స్‌లోని ఆరాస్‌లో నవంబరు వాన. పాత కాన్వెంటు గుడిలో ఒపేరా రిహార్సల్ జరుగుతోంది. విప్లవం రోజుల్లో విశ్వాసాన్ని వదులుకోమంటే ఒప్పుకోక, ఇదే గుడి నుంచి తలలు నరికే గిలటిన్ దగ్గరికి పాడుకుంటూ నడిచిన కన్యాస్త్రీల కథ అది. గిస్లేన్‌ది వాళ్లకు పెద్దదైన మదర్ పాత్ర. చివరి సన్నివేశంలో సిస్టర్లు ఒక్కొక్కరే ఆమె ముందు మోకరిల్లుతారు. తల మీద చెయ్యి పెట్టి దీవించి పంపాలి. యులాలీ అనే చిన్న సిస్టర్ మాత్రం ప్రాణభయంతో పారిపోతుంది. ఆ వేషం సిడోనీది.

"దీవెనా లేదు, మంచి పాటా లేదు. నా మీద అంత కోపమేంటండీ?" అని సిడోనీ దర్శకుడు ఆన్సెల్మ్‌ని సతాయించింది.

"తల దక్కింది కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నాడాయన.

అందరితోపాటు గిస్లేన్ కూడా నవ్వింది.

పొద్దు వాలుతుండగా చివరి సన్నివేశం మొదలైంది. సగంలో కరెంటు పోయింది. "ఆపకండి, కానివ్వండి!" అని అరిచాడు ఆన్సెల్మ్. చీకట్లోనే పాడారు. తడిసిన రాతి వాసన, ఎప్పటిదో మైనం వాసన. ఒక్కో తలా గిస్లేన్ అరచేతి కిందికి వచ్చి వెళ్లిపోతోంది. ఒక్కో గొంతూ ఆగిపోతోంది. అందరూ అయిపోయారు. ఇక తన చరణం ఎత్తుకోబోయింది...

చేతికింద మరో తల.

ముసుగు లేదు. చల్లగా, తడితడిగా ఉంది.

"మదర్... నన్ను కూడా..."

సిడోనీ అల్లరే అనుకుంది గిస్లేన్. వంగి గుసగుసగా, "నీకెందుకే? పారిపోయినదానివి కదా!" అంది.

తల వణికింది. వెక్కిళ్లు... మెల్లగా దూరమయ్యాయి.

దీపాలు వెలిగాయి. సిడోనీ అప్పుడే గొడుగు దులుపుకుంటూ వీధి తలుపులోంచి వస్తోంది. "కాఫీకి వెళ్లొచ్చాను. నాకోసం గానీ చూశారా?"

గిస్లేన్ తన అరచేతిని చూసుకుంది. చేతికి తగిలినవి పలచబడ్డ వెంట్రుకలు. వాటి కింద ఎముకే. అది పడుచుపిల్ల తల కాదు.

"అసలు యులాలీ తర్వాత ఏమైంది?" అని అడిగింది ఆన్సెల్మ్‌ని.

"ముసలితనంలో చనిపోయిందట. రోజూ వచ్చి ఈ గుడి మెట్ల మీద కూర్చునేదట పాపం. లోపలికి మాత్రం ఒక్కసారీ అడుగు పెట్టలేదంటారు."

గిస్లేన్ వెళ్లి ఆ ఖాళీ మెట్ల వైపు చూసింది. బతికినన్నాళ్లూ ఏ మాట వినాల్సి వస్తుందోనని ఆవిడ గుమ్మం దాటలేదో, ఆ మాట తన నోటితోనే అనేసింది.

ప్రదర్శన రోజు గుడి నిండిపోయింది. సిస్టర్లందర్నీ దీవించి పంపాక గిస్లేన్ చరణం ఎత్తుకోలేదు. ఖాళీ గాలిలోకి చెయ్యి చాపింది. వాద్యాలు తడబడి ఆగిపోయాయి. "పాడు తల్లీ, పాడు!" తెర పక్కనుంచి ఆన్సెల్మ్ గొణిగాడు.

"రా తల్లీ," అంది గిస్లేన్. "భయపడటం తప్పు కాదు. రా..."

చాలాసేపు ఏమీ లేదు.

ఆ తర్వాత... పలచటి జుట్టు. చల్లటి తల. భయంభయంగా వచ్చి అరచేతికి ఆనింది. గిస్లేన్ కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి. వేళ్లతో నిమిరింది. ఒక నిట్టూర్పు. తల తేలికై, వెళ్లిపోయింది.

గిస్లేన్ చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

రాలేదు.

చేతికింద ఇంకో తల ఉంది. బిరుసుగా కత్తిరించిన మగవాడి జుట్టు. చెమట వాసన... పచ్చి నెత్తురు వాసన.

అతను ఏమీ అడగలేదు. గిలటిన్ తాడు లాగి లాగి కాయలు కాసిన చేత్తో ఆమె మణికట్టును మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.