తుడిచాకే కడగండి

"మీరు సింకులో ఏం పారబోస్తున్నారు?"

ఆస్పత్రి మందుల కౌంటర్ ముందు క్యూలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతిలో నీళ్ల సీసా, ముఖం మీద వాన చినుకులు. బూట్ల మేడమ్ అని స్టాఫంతా పిలుచుకునే ఇంజినీరు ఆమే.

"పొద్దున టీ బాగాలేదండీ. అదే పారబోశాను," అన్నాడు ఫార్మసిస్టు.

క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆస్పత్రి వెనక మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటు ఉంది. మామూలు మురికి అక్కడే ఆగిపోతుంది గానీ, జనం వాడే మందులు నీళ్లలో కరిగి చెరువుకి వెళ్లిపోతున్నాయి. వాటిని పట్టడానికే ఆమె బొగ్గు గుళికల ఫిల్టర్లు బిగించింది. అయినా డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు మాత్రం లొంగలేదు. ఫిల్టరు పట్టుకోగలిగినదానికన్నా ఎక్కువే వచ్చిపడుతోంది. చేపల కిడ్నీలకి అది మంచిది కాదు.

"ఎక్స్‌పైరీ అయిన మందులు ఏం చేస్తారు?"

"సీలు వేసి కంపెనీకి పంపేస్తాం."

"నమ్మమంటారా?"

"బొగ్గుని నమ్మినవారు మనిషిని నమ్మలేరా?"

నమ్మలేదు. మర్నాడు సూపరింటెండెంటు స్వయంగా వచ్చి అల్మారాలన్నీ తెరిపించాడు. తప్పేమీ దొరకలేదు గానీ, స్టాఫ్ ముందు ఫార్మసిస్టుకి తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం ఆమె రెండు కప్పుల టీతో కౌంటర్ దగ్గరికి వచ్చింది. "సారీ. సూపరింటెండెంటు గారితో చెప్పకముందే మళ్లీ మిమ్మల్ని అడగాల్సింది."

"నన్ను కూడా వడకట్టేశారు కదా. ఏం తేలింది?"

"తప్పు లేదు. కోపం మాత్రం కాస్త ఎక్కువ."

అతనికి నవ్వు ఆగలేదు. కప్పు అందుకున్నాడు.

"నెలాఖరులోగా ఆ మందు తగ్గకపోతే ఫిల్టర్లు విప్పేస్తారు," అందామె. "నేనూ మా ఊరు వెళ్లిపోతాను."

అతను తాగుతున్న కప్పు కింద పెట్టేశాడు.

ఇంటికెళ్లేసరికి అమ్మ మోకాళ్లకి నొప్పుల జెల్ రాసుకుంటోంది. బడిలో పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. రాసుకోవడం అయ్యాక సింకు దగ్గరికెళ్లి చేతులకి సబ్బు పట్టించింది.

అతను కదలకుండా చూస్తుండిపోయాడు.

"ఏంట్రా, ఆ గుడ్లప్పగించడం?"

"రోజూ ఇలాగే కడుగుతావా అమ్మా?"

"మరి ఆ చేత్తోనే నీకు అన్నం పెట్టమంటావా?"

తెల్లారేసరికి ప్లాంటు దగ్గర ఉన్నాడు. జోరున వాన. ఒకే గొడుగు కింద ఆమెని ఫిజియోథెరపీ గదికి తీసుకెళ్లాడు. అక్కడ ఒక్కో పేషెంటుకీ జెల్ రాయడం, చేతులు కడుక్కోవడం, మళ్లీ రాయడం, మళ్లీ కడుక్కోవడం. పేషెంట్లు కూడా వార్డుకెళ్లి స్నానం చేసేస్తున్నారు.

"ఈ జెల్‌లో ఉన్నదీ డైక్లోఫెనాకే. ఒంట్లోకి ఇంకేది కొంచెమేనండీ. మిగతాదంతా సబ్బునురగతో మీ దగ్గరికే వస్తోంది."

ఆమె సింకు వైపు చూస్తూ నిలబడింది. "డబ్బాల్లో వెతికాను. చేతుల్లో వెతకాలని తోచలేదు."

అక్కడి సింకు నీళ్లు పరీక్షిస్తే అతను చెప్పిందే నిజమైంది. ప్రతి సింకు పక్కనా పేపరు నాప్కిన్లు, చెత్తడబ్బా పెట్టారు. పైన పెద్ద అక్షరాలతో 'తుడిచాకే కడగండి' అని రాసి అంటించారు. తుడిచిన కాగితాలు ఆస్పత్రి చెత్తతో పాటు కాల్చడానికి పోతాయి. ఫిల్టర్లలో కొత్త బొగ్గు నింపారు.

మోకాళ్ల చికిత్సకి వచ్చే అమ్మకి ఆ ఫిజియోథెరపీ గది మళ్లీ క్లాసురూమే అయింది. "ముందు తుడుచుకో నాయనా. డాక్టరువైతే నాకేం? చెయ్యి చూపించు," అనేది. బూట్ల మేడమ్ ఆవిడ పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం అలవాటు చేసుకుంది. "ఆంటీ, మీ అబ్బాయికి కోపం ఎవరి పోలిక?" అనడిగితే, "వాళ్ల నాన్నది. మంచితనం నాది," అనేది అమ్మ.

నెలాఖరున ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ఆమె ప్లాంటు మెట్ల మీద ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంది. ఇంకా తెరవలేదు. సన్నగా తుంపర పడుతోంది.

"ఒక్క నిమిషం," అన్నాడతను పక్కన కూర్చుంటూ. "మీరంటే నాకిష్టం. ముందే చెప్పాలనిపించింది."

"రిపోర్టు చూశాక చెప్పొచ్చుగా?"

"బాగుంటే ఉంటారు, లేకపోతే వెళ్లిపోతారు. మీరెక్కడున్నా నా మాట మారదు."

"మురుగు ప్లాంటు పక్కన ఇలాంటి మాట చెప్పినవాణ్ని నిన్నొక్కణ్నే చూశాను," అందామె. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని అతనికి కాస్త ఆలస్యంగా వెలిగింది.

రిపోర్టు తెరిచింది. చదివింది. మళ్లీ చదివింది. కళ్లు తడిశాయి.

"తగ్గింది. బాగా తగ్గింది."

"అయితే ఉంటావా?"

"ఉంటాను. ఫిల్టర్ల కోసం మాత్రమే కాదు."

సూపరింటెండెంటుకి రిపోర్టు చూపించి, ఫిల్టర్లు ఉంచడానికి సరే అనిపించుకుని, ఇద్దరూ ఫిజియోథెరపీ గదికి వెళ్లారు. తడిసిన బట్టలు, ఎంత ఆపుకున్నా ఆగని నవ్వులు. వాళ్లని చూడగానే అమ్మకి అర్థమైపోయింది. ఆమెని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, చీర కొంగుతో తల తుడిచింది.

"మీ అమ్మగారి నంబరియ్యమ్మా," అంది. "పెద్దవాళ్లం మేం మాట్లాడుకోవాల్సినవి చాలా ఉన్నాయి."