ముందల జరుగుండ్రి

కురుమూర్తి పడి చనిపోలేదు. నిలబడి చనిపోయాడు. పడడానికి చోటు లేదు.

వెనక పల్లీల కొట్టం గోడ. ముందు తన సొంత పికప్ బండి బంపర్. రెంటి మధ్య అతని నడుము.

గోపాల్‌పేట అవతలి ఆ ఊరికి ఎస్సై సుహాసిని చేరేసరికి ఉదయం ఏడు దాటింది. అప్పటికే ట్రాక్టర్‌కు గొలుసు కట్టి బండిని వెనక్కి లాగేశారు. శవాన్ని మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు.

బండి కొట్టం ముందే ఉంది. అక్కడ నేల గోడ వైపు ఎత్తు, వాకిలి వైపు పల్లం. జారకుండా వెనక చక్రం కింద రాయి పెట్టారు. తాళంచెవి బండికే ఉంది. గేరు ఫస్ట్‌లో ఉంది.

"మొదట ఎవరు చూశారు?"

"నేనే మేడం." కురుమూర్తి ఒక్కగానొక్క కొడుకు హరీష్. పాతికేళ్లుంటాయి. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు.

"ఏం జరిగింది?"

"నాయిన బండి స్టార్ట్ చేసి దిగిండు. ముందల సంచులు సర్దుతుండె. క్లచ్ పట్టేసి బండి దుంకింది."

"నువ్వు ఎక్కడున్నావు?"

"ఎనక దొడ్ల. మొకం కడుగుతున్న."

"మరి క్లచ్ పట్టేసిందని ఎట్లా తెలుసు?"

"ఇంకేమైతది మేడం? నిన్ననే వనపర్తిల ఆజం దగ్గర క్లచ్ చేయించుకొచ్చిండు. ఆ క్లచ్చే సంపింది మా నాయిన్ని."

"నువ్వు వచ్చేసరికి ప్రాణం ఉందా?"

హరీష్ నేల చూశాడు.

"ఉండె. మాట రాలే. చెయ్యితోని కిందికి చూపిస్తుండె. నీళ్లడుగుతుండనుకున్న. బుక్కెడు పోసి ట్రాక్టర్ కోసం ఉరికిన. మల్ల వచ్చేసరికి..."

సుహాసిని పంచనామాకు కాగితాలు తీయించింది.

పంచనామా ముగియకముందే ఇద్దరు ముగ్గురు బంధువులు వనపర్తి చేరారు. ఆజం షెడ్డు తలుపులు విరిచారు. ఆజం కుడిచెయ్యి విరిచారు. సుహాసిని అతన్ని మొదటిసారి చూసింది దవాఖానలోనే. కట్టు తడి ఆరకముందే స్టేషన్‌కు తీసుకురావలసి వచ్చింది. నిర్లక్ష్యంగా రిపేరు చేసి మనిషి ప్రాణం తీశాడని హరీష్ ఫిర్యాదు.

"ఏం రిపేర్ చేశావు?"

"క్లచ్ సిలిండర్ మేడం. లోపటి రబ్బర్లు చినిగిపోయినయి. పోసిన ఆయిల్ పోసినట్లే కారుతుండె. పెడల్ తొక్కితే కాలు కిందికి పోతది గాని గేరు ఇడువది. కొత్త రబ్బర్లేసిన. పైపుల గాలి తీసిన. గంతే."

"అంతకుముందు ఎట్లా నడిపారు మరి?"

అంత నొప్పిలోనూ ఆజం ముఖంలో నవ్వు లాంటిది కదిలింది.

"పాత బండోళ్లు ఎట్ల నడుపుతరో గట్లనే. క్లచ్‌ను మర్సిపోవుడే. ఫస్ట్ గేర్ల వెట్టి తాళం తిప్పుతరు. సెల్ఫ్ మోటరే బండిని గుంజుతది. బండి మ్యాక లెక్క ఒక్క దుంకు దుంకి అందుకుంటది. గద్వాలల సస్తగ కొన్నకాడి నుంచి ఆ ఇంట్ల గిదే కథ."

"ఇప్పుడు?"

"ఇప్పుడు న్యూట్రల్‌ల పెట్టి స్టార్ట్ చెయ్యొచ్చు. కురుమన్న నా ముందలనే చేసి చూసిండు. పెండ్లిపిలగాని లెక్క మురిసిండు."

"నీ రబ్బర్లు మళ్లీ తెగాయేమో?"

"ఒక్కసారి తొక్కి చూడుండ్రి మేడం. పొద్దుగాల నుంచి అందరు నన్నే తొక్కుతుండ్రు. ఆ పెడల్ ఒక్కరన్న తొక్కిండ్రా?"

ఎవరూ తొక్కలేదు. చెడిపోయిన క్లచ్ అని అందరికీ తెలుసు కదా. తెలిసినదాన్ని ఎవరు పరీక్షిస్తారు?

"ఆర్టీఓ ఆఫీసు నుంచి ఎంవీఐ సార్ వచ్చి చెక్ చేసేదాక బండిని ముట్టొద్దు మేడం," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ చంద్రశేఖర్. "ఆయన ఎల్లుండి గాని రాడంట."

బయట బెంచీ మీద ఆజం భార్య సాబిరా కూర్చుని ఉంది. సుహాసినిని చూసి లేచింది.

"మేడం, క్లచ్ మంచిగుందని తేలితే ఆయనను ఇడుస్తరా?"

"విడుస్తాం."

"స్పానర్ పట్టే చెయ్యి మేడం అది. దాన్ని ఎవరు అతికిస్తరు?"

సుహాసిని జీపెక్కింది.

మర్నాడు సుహాసిని పక్కింటి నర్సమ్మ వాకిట్లో కూర్చుని అడిగింది.

"నిన్న పొద్దున ఏం విన్నావు పెద్దమ్మా?"

"ఏమింట బిడ్డా? దినాం ఇన్నదే. 'ముందల జరుగుండ్రీ' అని కేక. దానెనక బండి దుంకిన సప్పుడు. ఆ కేకకే మా కోడలు లేస్తది. మా కోళ్లు గూడ బండి ముందలికెల్లి జరుగుతయి. గడియారం ఎందుకు మాకు?"

"నిన్న కూడా కేక వినబడిందా?"

"ఆ. ఇనవడ్డది."

"ఎవరి గొంతు?"

"తండ్రికి, కొడుక్కి ఒక్కటే గొంతు. గోడ అవతలికెల్లి ఏం తెలుస్తది?" నర్సమ్మ కొంగు సర్దుకుంది. "కేక అయినంక కురుమన్న నవ్విండు. నవ్వు మాత్రం ఆయనదే. ఊరంత ఇనవడే నవ్వు."

సుహాసిని అన్నీ రాసుకుంది. నర్సమ్మకు అది రోజూ వినే కేక. రాసుకున్న ఎస్సైకి కూడా అప్పటికి అందులో వింతేమీ కనబడలేదు.

కురుమూర్తి భార్య శాంతమ్మ కొట్టం అరుగు మీద గోడకు ఆనుకుని ఉంది.

"ముందు రోజు రాత్రి ఆయన ఏమన్నా చెప్పాడా అమ్మా?"

"అన్నం తినుకుంట అదే ముచ్చట బిడ్డా. క్లచ్ వెన్నపూస లెక్కుంది అని."

"హరీష్ ఏమన్నాడు?"

శాంతమ్మ వాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది.

"గద్వాలల చూసిండ్రు, నాగర్‌కర్నూల్‌ల చూసిండ్రు, ఎవనితోని కాలే. ఈ ఆజంతోని ఏమైతది అన్నడు."

"రాత్రి బండి నడిపి చూశాడా?"

"లేదు." శాంతమ్మ చేతులు ఒడిలో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "వాడు దొడ్ల ఉండె బిడ్డా. మొకం కడుగుతుండె."

అడగని ప్రశ్నకు జవాబు అది. సుహాసిని లేచి బండి దగ్గరికి నడిచింది.

వెనక టైర్ల కింద మన్ను రెండు చాళ్లుగా చీలి ఉంది. బండి గోడను గుద్దినప్పుడు టైర్లున్న చోట మొదలై, ఇప్పుడు ఆగిన చోటు దాకా. నాగలితో దున్నినట్టు. ట్రాక్టర్ లాగినప్పుడు చక్రాలు తిరగలేదు. బండి గేర్‌లోనే ఉండి, నేలను చీల్చుకుంటూ వచ్చింది.

అంటే అప్పుడు కూడా ఎవరూ క్లచ్ తొక్కలేదు.

ఆమె వంగి చాళ్ల లోతు వేలితో చూసింది. అప్పుడే పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ ఫోన్.

"వెంటనే పోలేదు మేడం. అరగంట దాకా ఉండుంటాడు. ఆ బరువు తొందరగా తీసుంటే..."

"తీసుంటే?"

"బతికేవాడేమో."

మూడో రోజు. వాకిలి నిండా బంధువులు. ఎంవీఐ వచ్చి బానెట్ ఎత్తాడు. క్లచ్ ఆయిల్ డబ్బా నిండుగా ఉంది. ఎక్కడా చుక్క కారలేదు. బండిని స్టేషన్‌కు తరలించి, మిగతా పరీక్ష అక్కడే చేయమని సుహాసిని ఆయనకు ముందే చెప్పింది. ఎందుకని ఆయన అడిగితే, ఇక్కడ వద్దు అని మాత్రం అంది.

స్టేషన్ నుంచి వెంట తెచ్చిన ఆజం జీపు పక్కన నిలబడ్డాడు. చెయ్యి మెడకు వేలాడుతోంది.

"నర్సమ్మా, ముందల జరుగుండ్రి అని ఎవరు కేకేస్తారు?" సుహాసిని అడిగింది.

"ఎవరేస్తరు బిడ్డా, బండ్ల కూసున్నోడు..."

నర్సమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అవును. కురుమూర్తి బండిలో లేడు. బండి ముందున్నాడు. తనను తాను జరగమని చెప్పుకోడు." సుహాసిని గొంతు పెంచలేదు. "క్లచ్ బాగైన బండికి ఆ కేకతో పని లేదు. బాగైందని ఆయనకు తెలుసు. అందుకే జరగలేదు. ఇంకా పాత అలవాటు పోలేదా అని నవ్వాడు. నమ్మనివాడు ఫస్ట్ గేర్ వేసి తాళం తిప్పాడు. ఈ ఇంట్లో నమ్మనివాడు ఒక్కడే."

అందరి కళ్లూ హరీష్ మీదికి తిరిగాయి.

"అబద్ధం! ఆజంను ఇడిపియ్యాలని కత చెప్తుండ్రు. క్లచ్ మంచిగుంటే తొక్కి చూపియ్యుండ్రి. గిందరి ముందల తొక్కుండ్రి!"

"వద్దు హరీష్. స్టేషన్‌లో చూద్దాం."

"ఎందుకు, భయమా?"

"తొక్కుండ్రి మేడం!" బంధువుల్లోంచి గొంతులు లేచాయి. "ఈడనే తేలాలె!"

సుహాసిని ఆజం వైపు చూసింది. అతను తల వంచుకున్నాడు. ఆ పెడల్ తొక్కితే ఏం తేలుతుందో ఆ వాకిట్లో అతనికీ ఆమెకూ మాత్రమే తెలుసు.

"చంద్రశేఖర్, రాయి తీయండి. వెనక ఎవరూ ఉండొద్దు."

ఆమె బండెక్కింది. గేరును ముట్టుకోలేదు. తాళం తిప్పలేదు. ఎడమ కాలు పెడల్ మీద పెట్టి నొక్కింది.

బండి చప్పుడు లేకుండా వెనక్కి కదిలింది. పల్లంలోకి ఒక మూర. రెండు మూరలు. చక్రాలు హాయిగా తిరిగాయి. ఆమె బ్రేకు వేసింది.

వాకిట్లో అందరూ ఆ చక్రాల వైపు చూశారు.

మొదట అర్థమైంది శాంతమ్మకు.

"గంతేనా?" అంది. "తొక్కితే గంతేనా బిడ్డా?"

ఆమె ఆజం వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు. ఆ దినం తొక్కినా గిట్లనే ఎనక్కొచ్చేదా?"

"అమ్మా..." అన్నాడు ఆజం. మెల్లగా తల ఊపాడు.

హరీష్ మన్నులో కూలబడ్డాడు.

"యాదికే రాలేదమ్మా. అది ఎన్నడు పనిచేసింది? అది ఉన్నదనే మర్సిపోయిన." అతను తన కుడి అరచేతిని గాలిలో కిందికి ఒత్తాడు. మళ్లీ ఒత్తాడు. ఆ చేతిని చూస్తూ ఉండిపోయాడు. "నాయిన గిట్ల చూపిస్తుండె. గిట్ల... తొక్కురా అని చూపిస్తుండె. నేను నీళ్లు పోసిన."

సుహాసిని బండి దిగి అతని దగ్గరికొచ్చి అడిగింది.

"ఆజం పేరు ఎందుకు చెప్పావు?"

"ఎవరో ఒకరు చేసుండాలె గద మేడం."

శాంతమ్మ కొడుకును ముట్టుకోలేదు. తిట్టలేదు. దొడ్లో మొహం కడుగుతున్నాడని అతని కోసం తానూ చెప్పింది. ఆ మాట ఎస్సైకి గుర్తుందనీ ఆమెకు తెలుసు.

హరీష్‌ను జీపు వెనక ఎక్కించారు. ఆజం ముందు సీట్లో కూర్చున్నాడు. బంధువుల్లో ఒకడు దగ్గరికొచ్చి ఏదో అనబోయాడు. ఆజం ఎడమ చేత్తో జీపు తలుపు లాగి మూసుకున్నాడు.

బండిని స్టేషన్‌కు నడపడానికి చంద్రశేఖర్ ఎక్కాడు. క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి, తాళం తిప్పాడు. ఇంజన్ మెత్తగా అందుకుంది. బండి ఉన్నచోటి నుంచి వేలెడు కూడా కదల్లేదు.

ఎవరూ కేక వేయలేదు. అయినా బండి ముందున్న వాళ్లంతా పక్కకు జరిగారు. నర్సమ్మ కోళ్లు కూడా జరిగాయి.

శాంతమ్మ ఒక్కతే గోడకు ఆనుకుని, బండికి ఎదురుగా, అట్లాగే నిలబడింది.