చుక్క కారని తూము

పాన్‌గల్ దారిలో ఎర్రకుంట అని ఒక చెరువుంది. వాగు పారినప్పుడు నిండేది, నిండిన నీళ్ళన్నీ పాత తూములోంచి కారిపోయేవి. రెండువేల ఏడు ఎండాకాలంలో వాగునూ దాని కింది చెరువులనూ బాగుచేస్తామని ఒక కాంట్రాక్టరు దిగాడు. పూడిక తీశారు, కట్ట పోశారు. పెద్దలొచ్చే రోజు ఫొటోలో నీళ్ళు కనబడాలని, చెప్పాపెట్టకుండా పైచెరువు నీళ్ళు వదిలారు. ఎర్రకుంట నిండింది. తూము చుక్క కారలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

నీళ్ళకు అడ్డం పడిందేమిటని ఒక్కడంటే ఒక్కడు అడిగాడా? థూ!

అడ్డం పడింది ఇస్రాయేలు. సావిత్రమ్మ మొగుడు. ఆ పొద్దున బురద తియ్యడానికి కట్ట కింది తూములోకి దూరిన మనిషి మళ్ళీ బయటికి రాలేదు.

తూము పనికి ఒక కట్టుబాటుంది. లోపల ఒకడుంటే నోటి దగ్గర ఒకడు కూర్చోవాలి. లోపలివాడు "ఉన్నవా?" అని కేకేస్తే బయటివాడు "ఉన్న" అనాలి. అన్నాక, లోపలివాడు వచ్చేదాకా కదలకూడదు. ఆ రోజు కూర్చున్నది మేస్త్రి మహిపాల్. ఫొటోకు పిలవగానే తువ్వాల దులుపుకుని లేచిపోయాడు మహానుభావుడు! పైగా ఇస్రాయేలు బొంబాయికి వలస పోయాడని ఊరంతా చాటాడు. ఊరు నమ్మింది. నమ్మితేనే చెరువులో నీళ్ళుంటాయి మరి.

చలికాలంలో తెలిసింది, తూము నోటికి కాంక్రీటు పోసి మూసేస్తారని. అదీ రేపే. ఇక శవం కూడా దక్కదని సావిత్రమ్మకు అర్థమైంది. పొద్దు గూకే వేళ గడ్డపార పట్టుకుని కట్ట దిగింది.

తూము నోట్లో చీకటి. కుళ్ళిన తుంగ వాసన. గడ్డపార రాయికి తగిలినప్పుడల్లా లోపలెక్కడో బురద మెల్లగా కదులుతోంది...

వెనక బండి ఆగింది. మహిపాల్ దిగాడు.

"ఏందే సావిత్రమ్మా, పిస లేసిందా? తూము పలగ్గొడితె చెరువంత ఖాళీ అయితది. ఊరు నిన్ను బతకనిస్తదా?"

"నా మొగన్ని బయటికి తియ్యి! నీ చెరువుల మన్నువడ!"

"ఆడు బొంబాయిల ఉన్నడు. జర చెప్తె ఇనవే..."

మహిపాల్ గడ్డపార గుంజుకున్నాడు. అప్పుడు వినిపించింది. తూము లోపలి నుంచి. నీళ్ళు మింగుతున్న గొంతుతో...

"ఉన్నవా?"

మహిపాల్ చిన్నప్పటి నుంచీ తూముల దగ్గర పెరిగిన మనిషి. తలలో ఆలోచన పుట్టకముందే నోరు పలికేసింది.

"ఉన్న."

ఏమన్నాడో అన్నాక తెలిసింది. గడ్డపార జారిపోయింది. వెనక్కి అడుగేయబోయాడు. కాలు లేవలేదు...

"సావిత్రమ్మా... నేనన్లే... నేను కాదని చెప్పు, నీ కాళ్ళు మొక్కుత..."

"నువ్వే అన్నవ్," అందామె పళ్ళు కొరుకుతూ. "గప్పుడు కూసోకపోతివి. ఇప్పుడన్న కూసో."

తూము భళ్ళున బురద కక్కింది. నీళ్ళు సావిత్రమ్మను ఈడ్చి పడేశాయి. కళ్ళు తుడుచుకుని చూస్తే పక్కనే ఎముకల కుప్ప. మెడ దారానికి, పెళ్ళినాడు తాను కట్టిన ఇత్తడి సిలువ. ఒళ్ళోకి లాక్కుని, గొంతు పగిలేలా ఏడ్చింది.

ఏడుస్తూనే గమనించింది. నీళ్ళు ఆగిపోయాయి. తూము చుక్క కారడం లేదు. బండి అక్కడే ఉంది. మహిపాల్ లేడు.

"ఉన్నవా?"

తూములోంచి... మహిపాల్ గొంతు.

సావిత్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. చచ్చినా పలకదు.

మళ్ళీ పిలుపు. ఈసారి వేరే గొంతు. ఆమె ఒళ్ళో ఉన్న మనిషి గొంతు...

"సావిత్రీ... ఉన్నవా?"